హేమక్క వరుస

హేమావతికి రెండు గొంతులు ఉండేవి. ఒకటి హోసూరు పక్కన కెలవరపల్లిలో, ఇంట్లో వాడేది. పాలు కాగేటప్పుడు మూత కదిలే చప్పుడంతైనా అది వినిపించేది కాదు. రెండోది ఆదివారం పొద్దున మూకండపల్లి మైదానంలో, సున్నపు గీత పక్కన నిలబడినప్పుడు మాత్రమే బయటికి వచ్చేది. ఆ గొంతుకు తుమ్మచెట్ల మీది కొంగలు లేచిపోయేవి.

ఒకసారి ఆమె అత్త నంజమ్మ ముల్లంగి కట్టలు ఆటోలో వేసుకుని ఆ దారిన పోతూ ఆ కేక విన్నది. ఎవరో మగమనిషి పోట్లాడుతున్నాడనుకుంది. ఆటో ఆపించి వచ్చి చూసి, చెంప మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమమ్మా హేమా, ఇంట్లో ఉప్పు తెప్పించు అని అడిగేకి నోరు రాదు నీకు. ఈడ జూస్తే ఊరంతా లేసేటట్ల అరస్తా ఉండావే!"

"ఇది ఆట గదత్తా."

"అట్లయితే ఇంట్లో గూడా ఆటే అనుకో తల్లీ. ఉప్పులేని సంగటి తినేది నాకు తప్పుతుంది."

కబడ్డీ ఆడుతున్న పిల్లలంతా పొట్ట పట్టుకుని నవ్వారు. హేమావతి కూడా నవ్వింది. ఆ నవ్వు ఆ రెండు గొంతులకూ చెందని మూడోది.

ఆ ఆట ఆమెను చిన్నప్పుడే పట్టుకుంది. పుట్టింటి ఊళ్ళో రాగి కోతలు అయ్యాక, మోళ్ళు కాళ్ళకు గుచ్చుకునే చేలో అన్నలు చెడుగుడు ఆడేవాళ్ళు. మనిషి తక్కువైతే చెల్లెల్ని పిలిచేవాళ్ళు. ఔటైతే గట్టు మీద కూర్చోవాలి. తన జట్టు అవతలివాళ్ళలో ఒకడిని ఔట్ చేస్తే, గట్టు మీద కూర్చున్నవాళ్ళలో ఒకరు బతికి మళ్ళీ బరిలోకి రావచ్చు. ఎవరు బతకాలో పెద్దన్న చెప్పేవాడు. పెద్దన్న చిన్నన్నను బతికించేవాడు, చిన్నన్న పక్కింటి నేస్తాన్ని బతికించేవాడు. హేమావతి గట్టు మీదే ఉండిపోయేది. నీడలు సాగి, మేకలు ఇంటికి మళ్ళి, ఆకాశం రాగిపిండి రంగుకు తిరిగేదాకా ఆమె చచ్చిపోయే ఉండేది. ఎవరూ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. గుర్తు పెట్టుకోలేదు, అంతే.

హైస్కూల్లో ఆటల టీచరు అసలు నిబంధన చెప్పింది. ముందు ఔటైనవాళ్ళే ముందు బతకాలి. అన్న దయ అక్కర్లేదు, నాయకుడి ఇష్టం అక్కర్లేదు. వరుస ఉంటుంది, ఆ వరుస ఎవరి మొహమూ చూడదు. ఆ మాట విన్న రోజున హేమావతి ఇంటికి పోతూ దారంతా పరుగెత్తింది. ఈ లోకంలో తనవైపు కూడా ఒక చట్టం ఉందని ఆ పిల్లకు మొదటిసారి తెలిసింది.

పెళ్ళయ్యాక కెలవరపల్లికి వచ్చింది. భర్త మురళికి ఏటి పక్కన కొంత పొలం. వానాకాలం డ్యామ్ తలుపులు ఎత్తితే, పైనుంచి వచ్చే మురుగుకు ఏటి మీద తెల్లని నురగ లేచి, గాలికి విడిపోయి, ముల్లంగి ఆకుల మీద వచ్చి వాలేది. దూరం నుంచి పూలలా ఉండేది. దగ్గరికి పోతే ముక్కు మూసుకోవలసి వచ్చేది. ఒక్క పొలంతో ఇల్లు గడవడం కష్టమైతే హేమావతి మూకండపల్లిలో ఒక వైర్ల కంపెనీలో చేరింది. పెద్ద చెక్క మీద మేకుల మధ్య ఎర్రవి, పచ్చవి, నల్లవి వైర్లు పరిచి, టేపు చుట్టి, బండ్ల కడుపులోకి పోయే నరాలు కట్టే పని. లైన్లో ఉన్నవాళ్ళంతా ఆడపిల్లలే. కృష్ణగిరి చుట్టూ ఉన్న ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండేవాళ్ళు కొందరు, కాలనీ పిల్లలు కొందరు. ఆదివారం వస్తే ఫోన్లు చూసుకుంటూ మంచాల మీద పడి ఉండే ఆ పిల్లల్ని హేమావతి ఒక్కొక్కరినే మైదానంలోకి లాక్కొచ్చింది.

మొదట్లో ఆమె కూడా అందరిలాగే అరిచేది. కొన్నాళ్ళకు ఒక సంగతి కనిపెట్టింది. కూతకు పోయిన పిల్లకు ఊపిరి ఒక్కటే ఆస్తి. బయటి నుంచి అరిస్తే ఆ ఆస్తిలో కొంత లాక్కున్నట్టే. అప్పటి నుంచి కూతకు ముందు ఎంత అరిచినా, పిల్ల గీత దాటిందంటే నోరు మూసుకునేది. మొహాలు చూడడం మానేసి పాదాలు చూడడం నేర్చుకుంది. భయం ముందు మడమలోకి వస్తుంది, తర్వాతే కళ్ళలోకి. తప్పు చేసిన పిల్లను అందరి ముందూ అనకూడదని నేర్చుకుంది. ఓడినప్పుడు ఒకే మాట చెప్పేది: "ఓడితే తప్పు నాది. గెలిస్తే అది మీది." ఆ మాటతో పిల్లలు లేచి నీళ్ళు తాగేవాళ్ళు.

ఇంట్లో కూడా మెల్లగా మార్పు వచ్చింది. ఉప్పు అడిగింది. తర్వాత పొలం సంగతిలో మురళికి ఎదురు మాట చెప్పింది. నంజమ్మ ఆశ్చర్యపోయి, "నా కోడలికి బరి ఇంటిదాకా పెరిగిండాది" అంది. మైదానం ఆ మనిషిని కొంచెం కొంచెంగా నిటారుగా నిలబెట్టింది.

అన్నిటికంటే గట్టిగా ఆమె పట్టుకున్నది వరుసను. సాధన ఆటలో కూడా తప్పనిచ్చేది కాదు. ఔటైన పిల్లలు గీత బయట వరుసగా కూర్చోవాలి, ఆటకు వీపు తిప్పకూడదు, తమ ముందు ఎవరున్నారో వాళ్ళకే తెలిసి ఉండాలి. ఈ వరుస మీద రోజూ గొడవపడేది రంజిత. కల్లావి ఊరి పిల్ల. వేరుశనగ పండించే ఇంటి నుంచి కంపెనీ పనికి వచ్చి హాస్టల్లో ఉండేది. చేతులు పొడుగు, నాలుక అంతకంటే పొడుగు. జట్టులో దానంత బాగా కూతకు పోయేవాళ్ళు లేరు.

"అక్కా, నేను బతికినానా?"

"నీ ముందర కావ్య ఉండాది. ఆయమ్మను బతకనీ."

"ఆయమ్మ బతికి ఏం జేస్తాదక్కా? పోయి మళ్ళీ సస్తాది. నన్ను పంపు, పాయింటు తెస్తాను."

కాలనీ పిల్ల కావ్యశ్రీ లేస్తూ మట్టి దులుపుకునేది. "నీ నాలుకను పంపు కూతకు. అది గీత దాటి, ఆ తట్టున వాండ్లను ముట్టి, తిరుక్కొని వస్తాది. నువ్వు ఈడే కూసోనుండు!"

ఒక వేసవిలో కృష్ణగిరిలో పోటీలు జరిగాయి. చివరి ఆటలో ఇంకాసేపట్లో ఈల ఊదుతారనగా మూకండపల్లి జట్టుకు ఒకరిని బతికించుకునే అవకాశం వచ్చింది. వరుసలో కావ్యశ్రీ ముందు, ఆ వెనక రంజిత. అవి ఊరివాళ్ళు పెట్టుకున్న పోటీలు. నిబంధనలు అంత బిగువుగా లేవు. అవతలి జట్టు తమకు కావలసినవాళ్ళనే బతికించుకుంటోంది. అంపైరు కూడా తొందరపెడుతూ, "ఎవురినో ఒగరిని పంపమ్మా, బిన్నా!" అన్నాడు. రంజిత అప్పటికే లేచి నిలబడింది. హేమావతి కావ్యశ్రీని పంపింది. కావ్యశ్రీ కూతకు పోయి దొరికిపోయింది. జట్టు ఓడిపోయింది.

తిరుగు బస్సులో రంజిత కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. మామిడితోటలు, రాతి గుట్టలు, గుట్టల మీద ఆరిపోతున్న వెలుగు వెనక్కు పోతున్నాయి. శూలగిరి దాటాక నోరు విప్పింది.

"నువ్వు పిచ్చిదానివక్కా."

"ఊ."

"కప్పు పోయింది."

"పోయింది. తప్పు నాదే."

రంజిత మళ్ళీ అడిగింది. "కావ్య తావులో నేనుండి, నా ఎనక ఇంగా పెద్ద ఆటగత్తె ఉన్నింటే, అప్పుడు గూడా నన్నే పంపించిందువా?"

"నిన్నే."

రంజిత ఆమె భుజం మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. కప్పు పోయిన ఆ సాయంత్రమే ఆ పిల్ల పూర్తిగా హేమావతిదైంది.

ఆ పోటీలకు నీళ్ళ సీసాలు, టోపీలు పంచడానికి కంపెనీ తరఫున ప్రొడక్షన్ మేనేజరు ఉపేంద్ర వచ్చాడు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి హోసూరులో స్థిరపడ్డవాడు. మెత్తగా మాట్లాడతాడు, ఎవరినీ ఏకవచనంలో పిలవడు. ఆట సంగతి అతనికి తెలియదు. అతను చూసింది వేరే. ఓడిపోయిన జట్టులో ఒక్క పిల్ల కూడా కోచ్ మీద గొంతు ఎత్తలేదు. మరుసటి వారం హేమావతిని తన గదిలోకి పిలిచాడు.

"గెలిచిన జట్టును ఎవరైనా నడుపుతారు మేడం. ఓడిపోయినవాళ్ళను గొడవ లేకుండా బస్సెక్కించారు చూడండి, అది నాకు లైన్ మీద కావాలి."

ఆమె రెండో లైనుకు లీడర్ అయింది. మిగతా లైన్లలో వైరు తప్పు మేకుకు పోతే లీడర్లు ఆ ముక్కను అందరికీ కనిపించేలా పైకెత్తి అరిచేవాళ్ళు. హేమావతి ఆ పిల్లను పక్క బల్ల దగ్గరకు తీసుకెళ్ళి కూర్చోబెట్టేది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ పిల్లే వెతుక్కుని సరిచేసుకోవాలి. చోటు ఖాళీ కాగానే, ముందు వచ్చి కూర్చున్న పిల్ల ముందు లైన్లోకి పోవాలి. పక్క బల్ల దగ్గర కూర్చోవడం సిగ్గు కాకుండా పోయింది. తప్పులు తగ్గాయి, ఏడుపులు తగ్గాయి. రంజితను చూసి కావ్యశ్రీ, కావ్యశ్రీని చూసి మిగతా ఆటగత్తెలు ఆ లైన్లోనే చేరారు. కాలనీలో తల్లులు కూతుళ్ళను పంపుతూ, "హేమక్క లైను అంటే పంపిస్తాను, లేకుంటే వద్దు" అనేవాళ్ళు. పొద్దున కంపెనీ ఈల మోగినప్పుడు ఆమెకు అది ఆట మొదలయ్యే ఈలలాగే వినిపించేది. రెండు బరులకూ ఒకటే చట్టం అని ఆమె మెల్లగా, హాయిగా నమ్మసాగింది.

ఏటి మీద నురగ బాగా లేచిన ఒక వానాకాలంలో బండ్ల ఆర్డర్లు పడిపోయాయి. ఒక పాత మోడల్‌ను తయారు చేయడం ఆపేశారు. ఉపేంద్ర ఆమెకు కుర్చీ చూపించి, తనే టీ పోశాడు.

"రెండో లైను ఆపుతున్నాం మేడం. కాంట్రాక్టు పిల్లలు విడతలు విడతలుగా కొన్నాళ్ళు ఇంటికి వెళ్ళాలి. కొత్త మోడల్ రాగానే మళ్ళీ పిలుస్తాం. గేటు దగ్గర గోల మాత్రం వద్దండీ. మీరు చెబితే వింటారు."

హేమావతి టీ ముట్టుకోలేదు. "ముందు పోయినోళ్ళను ముందు పిలుస్తారా సార్?"

అతను ఫోన్లో ఏదో చూస్తున్నాడు. "అలాగే మేడం. మీరు ఏ వరుసలో అంటే ఆ వరుసలో."

అతనికి అది టీ చల్లారకముందే ముగిసిపోవలసిన మాట. ఆమె చెవికి అది అంపైరు తీర్పు. ఇంకెవరైనా అయితే, ఎప్పుడు పిలుస్తారు, ఎవరు హామీ, అని అడిగేవాళ్ళు. ఆమె మాత్రం వరుస ఉందని తెలుసుకుని లేచి వచ్చేసింది. వరుస ఉన్నచోట ఇంకేమీ అడగనవసరం లేదని బతుకంతా నమ్మిన మనిషి.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకుంది. కొత్త లైనుకు ఎంతమంది కావాలో ఎవరికీ తెలియదు. అందరికీ చోటు లేకపోతే వరుసలో ఆఖరున ఉన్నవాళ్ళే ఆగిపోతారు. మొదట పోయినవాళ్ళకు భయం లేదు. అలాగైతే మొదట ఎవరు పోవాలి? రంజిత మొహం కళ్ళ ముందుకు వచ్చింది. కావ్యశ్రీ మొహం వచ్చింది. తన పిల్లలందరి మొహాలూ వచ్చాయి. తనవాళ్ళనే ముందు బతికించుకునే పెద్దన్న ఆ సాయంత్రం ఆమె లోపల ఎక్కడో లేచి కూర్చున్నాడు. ఆమెకు ఆ సంగతి తెలిసింది, సిగ్గేసింది. అయినా అతన్ని లేపి పంపలేదు.

మరునాడు టీ విరామంలో షెడ్డు కింద పిల్లల్ని పోగేసి చెప్పింది.

"కొన్నాళ్ళు లైను నిలిచిపోతాది. ముందు పోయినోళ్ళను ముందు పిలుస్తారు. మన వరుసే. మా టీమోళ్ళు ఫస్ట్ పోండి."

రంజిత వెంటనే లేచింది. "నేను ఫస్ట్!"

"ఏంటికి నువ్వు ఫస్ట్? కృష్ణగిరిలో నువ్వు నా ఎనక. ఈడ గూడా నా ఎనకే," అంది కావ్యశ్రీ.

"ఆడ నువ్వు పోయి చేసిన ఘనకార్యం ఊరంతా చూసిండాది లే!"

ముందు పోవడానికి ఆ పిల్లలు ఒకరి చున్నీ ఒకరు పట్టుకుని లాక్కున్నారు, నవ్వుకున్నారు. టేపు బల్ల దగ్గర పనిచేసే పాపక్కకు నలభై దాటాయి. కబడ్డీ గిబడ్డీ ఆమెకు తెలియవు. టీ గ్లాసు కింద పెట్టి, ముక్కుపుడక సర్దుకుంది.

"అంత మంచిదైతే మీ టీమోళ్ళకే ఏమి ముందర, మాకేమి ఎనక? మేమేం పాపం జేసినామమ్మా?"

హేమావతి ఆమె వైపు తిరిగింది. "నువ్వు గూడా ముందరే పోతావా పాపక్కా?"

"అయ్యో, నేను పోను తల్లీ. నన్ను కడాకు పెట్టు. కూసున్న తావు నుంచి లేసినానంటే మళ్ళీ కూసోనేకి నా మోకాళ్ళు ఒప్పుకోవు."

అందరూ మళ్ళీ నవ్వారు.

ఆ వారం ఆఖరున రంజిత, కావ్యశ్రీ, మిగతా ఆటగత్తెలు టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ గేటు దాటారు. సెలవులకు పోతున్న బడిపిల్లల్లా ఉన్నారు. రెండో విడత కూడా పోయింది. మూడో విడత పోకముందే, అనుకున్నదానికంటే త్వరగా, కొత్త మోడల్ వచ్చేసింది. ఆఖరున పెట్టమన్న పాపక్క తన బల్ల దగ్గరనుంచి లేవలేదు, ఎవరూ లేపలేదు. హేమావతి ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగింది. రంజితను పిలవమని కబురు ఏ క్షణమైనా రావచ్చు. మొదట దానికే చెప్పాలి.

ఒక పొద్దున కంపెనీ ముందు కొత్త బస్సు ఆగింది. అందులోంచి ఆమె ఎన్నడూ చూడని పిల్లలు దిగారు. చేతుల్లో కొత్త గుర్తింపు కార్డులు. తోవ తెలియక ఒకరి వెనక ఒకరు నడుస్తూ నేరుగా రెండో లైను దగ్గరికి వచ్చి, రంజిత చోట ఒకరు, కావ్యశ్రీ చోట ఒకరు నిలబడ్డారు. చాలా చిన్నపిల్లలు. వాళ్ళ తప్పేమీ లేదు.

హేమావతి ఉపేంద్ర గదిలోకి పోయింది.

"మా పిల్లల్ని పిలవలేదే సార్?"

"పాత కాంట్రాక్టు అయిపోయింది కదండీ. వాళ్ళు ఆ కాంట్రాక్టరు మనుషులు. వీళ్ళు కొత్త కాంట్రాక్టరు మనుషులు. అప్పటికి లోపల ఉన్నవాళ్ళను మాత్రం ఇతని పేరు మీదికి మార్చాం."

"వరుస ప్రకారం పిలుస్తానని మీరు చెప్పినారు."

"నేనా?" అతను నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. తర్వాత జాలిగా నవ్వాడు. "అది ఆటలో కదా మేడం."

అతను అబద్ధం చెబుతున్నట్టు అనిపించి ఉంటే ఆమెకు బాగుండేది. అతని మొహంలో అబద్ధం లేదు. మాటిచ్చానన్న సంగతే అతనికి తెలియదు.

"మీకో మంచి వార్త," అన్నాడు. "మొత్తం షిఫ్టుకు మిమ్మల్ని ఇన్‌చార్జి చేస్తున్నాం. ఒక్క గొంతు లేవకుండా రెండు విడతలు పంపారు. పైవాళ్ళు ఆశ్చర్యపోయారు. వచ్చే నెల సూపర్‌వైజర్లకు శిక్షణ ఉంది. పిల్లలకు ఆట నేర్పడం మిమ్మల్ని ఎలా లీడర్‌ను చేసిందో మీరే చెప్పాలి."

రంజితను వెతుక్కుంటూ పోయేసరికి సాయంత్రమైంది. కంపెనీ పిల్లలకు తప్ప చోటు లేదని హాస్టల్ ఖాళీ చేయించారు. రంజిత ఇప్పుడు కావ్యశ్రీ వాళ్ళింటి ముందు గదిలో ఉంటోంది. గులాబీలు పెంచే షెడ్డులో పూలను కాడల పొడవు చూసి కట్టలు కట్టే పని. వేళ్ళ నిండా ముళ్ళ గీతలు. హేమావతి చెప్పిందంతా ఆ పిల్ల ఆ గీతలు చూసుకుంటూ విన్నది.

"బతికించుతారని నేను నిజంగా అనుకున్నానే," అంది హేమావతి.

"ఎట్ల బతుకుతాము అక్కా? మనోళ్ళు బరిలో ఉండి పాయింటు తెస్తేనే గదా బయట ఉండేవాండ్లు బతికేది. మమ్మల్నందరినీ ఒగే తూరి బయటికి పంపిస్తివి. ఇంగ పాయింటు తెచ్చేకి లోపల ఎవురు ఉండారు? పాపక్కా?"

వరుసను అంత గట్టిగా పట్టుకున్న మనిషి ఆటలో మిగతా సగాన్ని మరిచిపోయింది. ఎవరినైనా బతికించేది తన జట్టే. అవతలి జట్టు ఎన్నడూ ఎవరినీ బతికించదు.

"సోమవారం మేము గేటు తావకు వస్తాము," అంది రంజిత. "గలాటా జేసేకి గాదు. లేబర్ ఆఫీసులో అడిగితే, మాట ఇచ్చినట్ల సాక్షి యాడ అంటా ఉండారు. సాక్షి నువ్వే గదా. ఆయప్ప నీతో ఏమన్న్యాడో మా అందరి ముందర, ఆయప్ప ముందర చెప్పు. అంతే. ఇంగేమీ అడగము నిన్ను."

"చెప్తాను."

"నిజంగా?"

"నిన్ను ఎప్పుడన్నా మోసం జేసినానా?"

రంజిత లోపలికి పోయి కాఫీ పెట్టుకొచ్చింది.

సోమవారం పొద్దున వాళ్ళు వచ్చారు. నినాదాలు లేవు, అట్టలు లేవు. గేటు బయట, దారికి అడ్డం లేకుండా, ఎవరు ముందు పోయారో వాళ్ళు ముందు నిలబడ్డారు. మంచు ఇంకా విడలేదు. ఆ మంచులో వాళ్ళు ఎవరో తొందరలో గీసి మరిచిపోయిన సున్నపు గీతలా ఉన్నారు. లోపల పాపక్క వాళ్ళు కిటికీల దగ్గరకు చేరారు. ఉపేంద్ర బయటికి వచ్చాడు, అతని పక్కన హేమావతి.

రంజిత మర్యాదగానే మొదలుపెట్టింది. "సార్, ముందు పోయినోళ్ళను ముందు పిలుస్తామని మీరు మాట ఇచ్చినారు."

"నేను మాటిచ్చానా అమ్మా? ఎవరికి?"

అందరూ హేమావతి వైపు చూశారు.

ఆమె చెప్పవలసింది ఒక్క వాక్యం. ఆ గదిలో టీ పోసి, అలాగే మేడం అన్నాడు. అంతే. అది నోటిదాకా వచ్చింది. దానితో పాటే మురళి మొహం, పొలం మీద నురగ, కొత్త ఇన్‌చార్జి కుర్చీ కూడా వచ్చాయి. భయం మడమలోకి దిగింది. దాన్ని ఆమె కళ్ళు చూడలేదు, రంజిత కళ్ళు చూశాయి. అప్పుడు ఆమె లోపలి నుంచి ఎన్నేళ్ళుగానో అలవాటైన మాట, మైదానంలో పిల్లల్ని లేపి నిలబెట్టిన మాట, తనంతట తానే నడిచి వచ్చింది.

"సార్ ఇయ్యలేదు. మాట ఇచ్చింది నేను. తప్పు నాదే."

అది ధైర్యమో, భయమో ఆమెకే తెలియలేదు. ఆ క్షణంలో రెండూ ఒకే బట్టలు కట్టుకుని వచ్చాయి.

ఉపేంద్ర ఊపిరి వదలడం పక్కన నిలబడిన ఆమెకు వినిపించింది.

రంజిత కోప్పడలేదు. నిదానంగా అంది, "నువ్విచ్చినావని మాకు తెలీదా అక్కా? దానికోసరమా ఇంత దూరం వచ్చినాము? నీ తప్పు ఎత్తుకోని మేమేం జేసుకుందుము?"

కావ్యశ్రీ ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. "రావే పోదాము. పూలు వాడిపోతాయి."

నిలబడిన వరుసలోనే వాళ్ళు వెనక్కు తిరిగి నడిచిపోయారు. వాళ్ళకు ఆ పద్ధతి నేర్పినది హేమావతే.

శిక్షణ రోజున ఉపేంద్ర మైకు అందుకుని, గేటు దగ్గర జరిగిన సంగతి పేర్లు లేకుండా చెప్పాడు. బాధ్యత తీసుకోవడమంటే అదీ అన్నాడు. తర్వాత ఆమెను పిలిచాడు. ఆమె ఊపిరి గురించి చెప్పింది, పాదాలు చూడడం గురించి చెప్పింది, తప్పు చేసినవాళ్ళను పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టడం గురించి చెప్పింది. అన్నీ నిజాలే. వరుస గురించి మాత్రం చెప్పలేదు. కొత్త సూపర్‌వైజర్లు శ్రద్ధగా విని చప్పట్లు కొట్టారు. రాజీనామా మాట ఆమె నాలుక మీద కొన్నాళ్ళు తిరిగింది. ఇంట్లో ఎవరికీ వినిపించకుండానే ఒకనాడు అది కూడా సద్దుమణిగింది. నంజమ్మ సంగటిలో ఉప్పు తక్కువైందని సణిగితే, కోడలు డబ్బా తీసుకొచ్చి మాట్లాడకుండా పక్కన పెట్టింది.

చాలా ఆదివారాలు షిఫ్టు ఉందని చెప్పుకుని మైదానానికి పోలేదు. ఉండబట్టలేక ఒకరోజు పోయింది. ఎవరైనా తిడతారేమో అనుకుంది. తిట్టాలనే కోరుకుంది. తిట్టినవాళ్ళకు బదులు చెప్పవచ్చు, ఏడవవచ్చు.

మైదానంలో గీతలు అప్పటికే పడి ఉన్నాయి. కాలనీ చిన్నపిల్లలు ఆడుతున్నారు. రంజిత గీత పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కావ్యశ్రీ ముందు చూసి, "అక్క వచ్చింది," అని మెల్లగా అంది. ఆట ఆగింది.

"రా అక్కా, రా," అంది రంజిత. ఎదురింట్లోకి పరుగెత్తి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. చున్నీతో దుమ్ము తుడిచింది. గీతకు దూరంగా, చెట్టు నీడ చూసి వేసింది.

"నేను నిలబడతాను లేవే."

"కూసో అక్కా. ఎండ జాస్తిగా ఉండాది."

ఆ మైదానంలో కుర్చీలు వేసేది బహుమతులివ్వడానికి వచ్చి, ఫోటో తీయించుకుని పోయేవాళ్ళకే. హేమావతి కూర్చుంది. రంజిత గీత దగ్గరికి తిరిగి వెళ్ళింది, ఆట మళ్ళీ మొదలైంది. ఒక చిన్నపిల్ల కూతకు పోతూ మడమ వెనక్కు లాగింది. హేమావతి నోరు తెరుచుకుంది. ఆ మడమను రంజిత అప్పటికే చూసింది, పిల్ల తిరిగి వచ్చేదాకా ఏమీ అనకుండా ఉంది.

కాసేపటికి ఔటైన ఒక పిల్ల నీళ్ళ సీసా పట్టుకుని చెట్టు కిందికి వచ్చింది. హేమావతి మొహం ఆ పిల్లకు కొత్త.

"తాగండి మేడం," అని సీసా చేతికిచ్చి, తన చోటు పోతుందేమోనని పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.